బోరింగు పక్కన చెంబు

ఎవరైనా దెయ్యాల మాట ఎత్తితే అక్కణ్ణుంచి లేచిపోయే మనిషిని నేను. వీధి దీపం వెలగకపోతే పంచాయతీకి కార్డు రాస్తాను. జవాబు రాకపోతే రెండోది రాస్తాను. రెండింటి తేదీలూ గుర్తుంచుకుంటాను. జరిగిన ప్రతిదానికీ ఎవరో ఒకరు బాధ్యులుంటారని, పట్టు వదలకుండా వెతికితే దొరుకుతారని నా నమ్మకం. ఈ ఒక్క విషయంలో మాత్రం దొరకలేదు. అందుకే రాస్తున్నాను.

1999లో మేము అమలాపురంలో ఒక ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్లం. నేనొక ప్రైవేటు స్కూల్లో గుమాస్తాని. పెరట్లో ఇంటివారికీ మాకూ కలిపి ఒకే బోరింగు.

బోరింగు కొట్టి పెరిగినవాళ్లకి తెలుసు. కాసేపు వాడకపోతే లోపలి తోలు వాచరు ఆరిపోతుంది. పైనుంచి చెంబుడు నీళ్లు పోసి కొడితే గానీ నీరు ఎక్కదు. అందుకని చివర్న కొట్టినవాళ్లు ఒక చెంబు నింపి పక్కన పెట్టి వెళతారు, తర్వాత వచ్చేవాళ్ల కోసం. ఒకరు చెప్పక్కర్లేని మర్యాద అది.

మా ఇంటివారావిడ ఆ మర్యాద ఎరగదు. తన బిందెలు నిండగానే చెంబులో నీళ్లు కుమ్మరించి, ఖాళీ చెంబు బోర్లించి లోపలికి పోయేది. మేమున్న ఆరేళ్లూ అంతే. నా భార్య వరలక్ష్మి తెల్లారి లేస్తూనే ఆ చెంబుడు నీళ్ల కోసం పక్కింటికి వెళ్లి అడిగేది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "ఒక్క చెంబు నింపి పెడితే మీకేం తరిగిపోద్దండీ?"

"సొంత బోరింగు వేయించుకోండి. రోజూ నింపుకుందురు గాని" అందావిడ.

అప్పుడు వీధిలో ముగ్గురున్నారు. ముగ్గురూ నవ్వారు. వాళ్ల పేర్లు నాకిప్పటికీ గుర్తే.

వరలక్ష్మికి అప్పుడు అయిదో నెల. పుట్టబోయే బిడ్డతో మళ్లీ ఆ పెరట్లో అడుగు పెట్టకూడదని పంతం పట్టాను. కొత్త ఇల్లు కట్టుకునే స్థోమత లేదు. పాతదైనా, చిన్నదైనా, నాకొచ్చే అప్పులో దొరికేది కావాలి. నెల రోజులు తిరిగాక ముమ్మిడివరం వెళ్లే దారిలో, పంటకాలవ పక్కనున్న ఒక ఊళ్లో రెండు గదుల పెంకుటిల్లు ఉందని తెలిసింది.

ఆ ఇల్లు, దాన్ని అమ్ముతున్న సత్తిరాజుగారి పిన్నిది. పిల్లల్లేని మనిషి. ఆవిడ పోయి రెండేళ్లయింది. అప్పట్నుంచీ తాళం. తాళంచెవి సత్తిరాజుగారి మొలతాడుకే ఉండేది.

ఒక ఆదివారం పొద్దున్న వెళ్లాను. వెంట ఒక పొడుగు మేకు, టార్చిలైటు, గోడల నిలువు చూడ్డానికి పురికొసకి కట్టిన ఇనుప ముక్క తీసుకెళ్లాను. మేకుతో దూలాలు పొడిచి చూశాను. ఒక దూలం సగం చెద తినేసింది. పడమటి గోడలో బీట. తుఫానుకి కదిలిన పెంకులు ఇంకా సర్దలేదు. వంటగదిలో చెంబుడు నీళ్లు పోస్తే తూముకేసి వెళ్లకుండా గుమ్మంకేసి వస్తాయి. అన్నీ కాగితం మీద వేసుకున్నాను.

సత్తిరాజుగారు నా వెనకే తిరిగి తిరిగి విసిగిపోయాడు. "ఏవండీ, తమరు ఇల్లు కొంటానికొచ్చేరా, కేసు పెడతానికొచ్చేరా?"

"కొన్నాక పెట్టేకంటే ముందు పెట్టడం మేలు కదండీ" అన్నాను.

పెరటికి మూడు పక్కలా నిలువెత్తు గోడ. గోడ మీద గాజుపెంకులు. లోపలికి రావాలంటే ఇంట్లోంచే రావాలి. మధ్యలో బోరింగు, దాని చుట్టూ సిమెంటు పళ్లెం. ఆ పళ్లెం మీద సొట్టలు పడ్డ సత్తు చెంబు ఉంది. నిండుగా నీళ్లు. ఒక ఆకు గానీ, ఒక చీమ గానీ లేదు.

నేనా నీళ్లు బోరింగులో పోసి కొట్టాను. నాలుగో దెబ్బకి నీళ్లొచ్చాయి. 'బోరింగు బాగుంది' అని రాసుకున్నాను. వచ్చేటప్పుడు మాత్రం, అలవాటున్నా, చెంబు నింపి పెట్టలేదు. ఇల్లింకా నాది కాదు గదా అనుకున్నాను.

తిరుగు బస్సెక్కాక తట్టింది. రెండేళ్లుగా తాళం వేసిన ఇంట్లో చెంబు నింపిందెవరు?

నాకు వెంటనే పక్కింటివాళ్ల మీద అనుమానం వచ్చింది. ఇన్నాళ్లూ ఇక్కడే నీళ్లు తోడుకున్నామని రేపు హక్కు అడిగితే నా గతేమిటి? మళ్లీ ఒకరితో కలిసి ఒకే బోరింగా? మరుసటి ఆదివారం వెళ్లేసరికి చెంబు మళ్లీ నిండుగా ఉంది. ఆ నీళ్లు పోసి కొట్టాను. మళ్లీ నీళ్లొచ్చాయి. తిన్నగా పక్కింటికి వెళ్లి, ఆ ఇంటి పెద్దావిడ మంగతాయారుగారిని అడిగాను.

"గోడ దూకి నీళ్లు కొట్టుకోవాల్సిన ఖర్మ నాకేంటి బాబూ? మాకు బోరింగు లేదా? ఈ మోకాళ్లతో నేను గుమ్మం దిగి ఎన్నాళ్లైందో మా కోడల్నడుగు" అని విరుచుకుపడింది. నేను వెనక్కి తిరిగాక, కాస్త మెత్తగా, "ఆ పిన్నిగారున్నన్నాళ్లూ ఆ చెంబు ఖాళీగా ఉండగా నేను చూళ్లేదు" అంది.

మాట దాటేస్తోందనుకున్నాను.

ఆ రోజే బజార్లో కొత్త తాళం కొని, సత్తిరాజుగారిని ఒప్పించి పెరటి తలుపుకి వేశాను. తలుపుకీ గుమ్మానికీ అడ్డంగా నల్లదారం కట్టాను. సత్తు చెంబు సంచీలో వేసుకుని అమలాపురం పట్టుకుపోయాను. చెంబే లేకపోతే ఏం నింపుతారో చూద్దామని.

ఎనిమిది రోజులకి వెళ్లాను. దారం తెగలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీసి పెరట్లోకి వెళ్లాను.

బోరింగు పక్కన కొబ్బరి చిప్ప ఉంది. ఒరగకుండా కింద చిన్న రాయి ఆనించి ఉంది. నిండుగా నీళ్లు.

నీళ్లు వాసన చూశాను. ఇనుము వాసన. కాలవ నీళ్లకి ఆ వాసన ఉండదు. చిప్ప లోపల అంచున ఎర్రటి చార కూడా ఉంది. అవి ఈ బోరింగు నీళ్లే.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి, బోరింగులు బాగుచేసే అబ్బులుని తీసుకెళ్లాను. అతను పైమూత విప్పి, కడ్డీ పైకి లాగాడు. తోలు వాచరు ముక్కలై రాలింది. వేళ్ల మధ్య నలిపితే పొడైపోయింది.

"ఇది చచ్చి ఏణ్ణర్ధం పైనే అయ్యుంటదండి. చెంబు కాదు, చెరువు పోసినా ఎక్కదు."

"పోయిన వారం నేనే కొట్టానయ్యా. నీళ్లొచ్చాయి."

"కల్లో కొట్టుంటారండి" అని నవ్వాడు.

ఆ నవ్వు కూడా నేను మరిచిపోలేదు. వాచరు ముక్క ఒకటి అగ్గిపెట్టెలో వేసి దాచాను. ఇప్పటికీ ఉంది, కావలసినవాళ్లు చూడవచ్చు. అబ్బులు కొత్త వాచరు వేసి వెళ్లాడు.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఇల్లు వదిలేస్తే ఇంత తక్కువలో మరొకటి దొరకదు. వరలక్ష్మికి ఏడో నెల వస్తోంది. చివరికి, ఆమెకి ఏమీ చెప్పకుండా, ఒకసారి తీసుకెళ్లి చూపించాను. గదులు చూసింది, బీట చూసింది. పెరట్లోకి వెళ్లి చిప్ప చూసింది. అది నిండుగానే ఉంది. వంగలేక వంగి దాన్ని రెండు చేతులతో ఎత్తి బోరింగులో పోసి, నాలుగు దెబ్బలు కొట్టి, మళ్లీ నింపి యథాస్థానంలో పెట్టింది.

"ఎవరో మంచోళ్లండి. మనం వస్తామని నింపి పెట్టేరు" అంది. "ఈ ఇల్లే తీసుకుందామండీ."

ఆరేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే. నా తప్పుల కాగితం చూపించి సత్తిరాజుగారి చేత ధర కొంత తగ్గించాను. ఆ కాగితంలో చిప్ప సంగతి రాయలేదు. రిజిస్ట్రేషనయ్యాక, సున్నాలు వేయించేటప్పుడు, మూడు సార్లు వెళ్లాను. మూడు సార్లూ చిప్ప నిండుగా ఉంది. చివరిసారి, ఇల్లు మారే ముందురోజు సాయంత్రం, పనివాళ్లందర్నీ పంపేసి నేనే తాళం వేశాను. అప్పుడూ నిండుగానే ఉంది. నిజం చెప్పాలంటే, అప్పటికి నాకు భయం పోయి ఒకలాంటి గర్వం కూడా వచ్చింది.

మర్నాడు పొద్దున్న సామాను వ్యానుకెక్కించాం. వరలక్ష్మి వాటా అంతా ఊడ్చి, చివరిగా బోరింగు కొట్టి, చెంబు నింపి ఇంటివారావిడ కోసం పక్కన పెట్టింది. నాకు ఒళ్లు మండింది. ఏదైనా మరిచిపోయామేమో చూసొస్తానని చెప్పి వెనక్కి వెళ్లాను. చెంబులో నీళ్లు తూములో కుమ్మరించాను. ఆవిడ చేసినట్టే చెంబు బోర్లించాను. పెరట్లో ఎవరూ లేరు. ఎవరూ చూడలేదు.

అది తప్పని ఇప్పుడు కూడా అనను. ఆరేళ్లు పడ్డాం.

పదకొండు గంటలకి కొత్త ఇంటి తాళం తీశాను. పాలు పొంగించడానికి వరలక్ష్మి గిన్నె కడగబోయి పెరట్లోంచి పిలిచింది. "ఏవండీ, ఇక్కడ నీళ్లు లేవేంటి?"

వెళ్లి చూశాను. సిమెంటు పళ్లెం పొడిగా ఉంది. చిప్ప బోర్లించి ఉంది. కింద ఆనించిన చిన్న రాయి దాని మీద పెట్టి ఉంది.

కాకి తన్నిందనుకుందామా? కాకి రాయి ఎందుకు పెడుతుంది? పనివాళ్లా? తాళం నా దగ్గరుంది. అమలాపురంలో పెరట్లో నేనేం చేశానో ఇక్కడ ఎవరికి తెలుస్తుంది? ఈ ప్రశ్నలు ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి వేసుకున్నాను.

ఆ పూట వరలక్ష్మి తన సొంత బోరింగులో పోయడానికి చెంబుడు నీళ్ల కోసం మంగతాయారుగారింటికి వెళ్లి అడిగింది. గుమ్మంలో నిలబడి చూశాను.

మళ్లీ ఎప్పుడూ అక్కడ ఏమీ జరగలేదు. ఒక్క చప్పుడు లేదు, ఒక్క చుక్క లేదు. పాప ఆ పెరట్లోనే నడక నేర్చింది. ఇప్పుడు వీధి కుళాయి వచ్చింది, బోరింగు తుప్పు పట్టింది. నేను మాత్రం రోజూ సాయంత్రం ఆ సత్తు చెంబు నింపి అక్కడ పెడుతున్నాను. వరలక్ష్మి ఎందుకని అడగదు. ఆ రోజు నేను వెనక్కి వెళ్లి చేసిన పని ఆమెకి చెప్పలేదు. ఇది చదివితే తెలుస్తుంది.

పొద్దున్నే వెళ్లి చూస్తాను. చెంబు నేను పెట్టినట్టే ఉంటుంది. నీళ్లు ఎవరూ ముట్టుకోరు.