వెల్డా వదిన నోట పడ్డ పేరు

మా వెల్డా వదిన చలికాలం గురించి చెబితే తప్పదని పేరు. బాస్కెట్‌బాల్ ఆటగాడి పేరు చెబితే వాడు నిలవడు. ఈ సంగతి తెలిసి కూడా ఊరంతా ఏటా అక్టోబర్‌లో చర్చి కింది హాల్లో చేరి, ఆవిడ ఎవరి పేర్లు చెబుతుందా అని ఎందుకు చెవులు రిక్కించుకుని కూర్చుంటుందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. నేను ఆవిడ తమ్ముడి పెళ్ళాన్ని. ఆవిడ హోటల్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. ఒకరి సంగతి ఇంకొకరికి ఎందుకనే బుద్ధి నాకు పుట్టుకతోనే లేదు కాబట్టి, వదినను గమనించడమే నా అసలు ఉద్యోగం.

వదిన ఆరడుగుల మనిషి. వంటింటి గుమ్మం దాటేటప్పుడు తల వంచుతుంది. అదే అలవాటుతో ఎత్తయిన చర్చి గుమ్మం దగ్గరా వంచుతుంది. పాస్టర్‌గారు దాన్ని భక్తి అనుకుంటారు. వాళ్ళ నాన్న సున్నపురాయి గనిలో పనిచేసేవాడు. ఇంటి వెనక కొట్టం గోడకు ఇనుప రింగు కొట్టుకుని అన్నదమ్ములు ఆడుకునేవాళ్ళు. పొడుగ్గా ఉంది కదా అని వదినను చేర్చుకున్నారుగానీ, బంతి వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. "నువ్వు రింగు కింద నిలబడు. పడ్డ బంతి పట్టుకుని మాకియ్యి. అంతే నీ పని" అనేవాళ్ళట. మా ఆయన ఇది ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. నాకు మాత్రం నవ్వు రాదు. ఆ రోజుల్లో మా బడిలో ఆడపిల్లలకు జట్టే లేదు. వదిన ఆట ఆ కొట్టం దగ్గర మొదలై అక్కడే అయిపోయింది.

అందుకే కాబోలు, ఏ ఆటకు వెళ్ళినా ఆవిడ కళ్ళు పవర్ ఫార్వర్డ్ మీదే ఉంటాయి. మావైపు అతన్ని నాలుగో నంబర్ అంటారు. బుట్ట కింద భుజాలతో తోసుకుంటూ, మనవాడికి దారి దొరకడం కోసం అవతలివాడికి గోడలా అడ్డం నిలబడుతూ, ఎవరో వేసి తప్పిన బంతి కోసం ఎగిరేవాడు. చప్పట్లన్నీ బంతి వేసినవాడికి, మోచేతి దెబ్బలన్నీ ఇతనికి.

అక్టోబర్‌లో నారింజరంగు పెర్సిమన్ పళ్ళు రాలాక, వాటి గుజ్జుతో తీపి పుడ్డింగ్ చేసి చర్చిలో విందు పెడతారు. ముందు వదిన ఒక పెర్సిమన్ గింజను చాకుతో నిలువునా చీలుస్తుంది. లోపలి తెల్లటి మొలక చెంచాలా ఉంటే పారలతో ఎత్తిపోసేంత మంచు. కత్తిలా ఉంటే కోసే చలి. ఫోర్క్‌లా ఉంటే చలికాలం తేలిగ్గా గడుస్తుంది. అది చెప్పాక, చుట్టుపక్కల కాలేజీల్లో ఈ ఏడాది చూసి తీరాల్సిన నాలుగో నంబర్ల పేర్లు చెబుతుంది.

ఆ పేర్లకు పట్టిన గతి చెబితే మీరు నమ్మరు. ఒకడు క్రిస్మస్ లోపే చీలమండ బెణికించుకున్నాడు. ఒకడు పరీక్ష తప్పి బెంచీకి అతుక్కుపోయాడు. ఇంకొకడు ఉన్నట్టుండి పెళ్ళి చేసుకుని కాలేజీయే మానేశాడు. వదిన నాలుక మీద మచ్చ ఉందని ఊళ్ళో తీర్మానించేశారు. ఇనుప సామాన్ల కొట్టు హార్లన్ అయితే ఏటా విందుకు ముందు హోటల్‌కి వచ్చి బతిమాలేవాడు.

"వెల్డా, నీకు పుణ్యముంటుంది. నది అవతలి కాలేజీ వాడున్నాడే, వాడి పేరు చెప్పు. మనవాళ్ళ జోలికి మాత్రం రాకు."

"బాగా ఆడేవాడి పేరు చెప్తా. మీ కుళ్ళు నాకెందుకు? పో, కాఫీ చల్లారిపోతోంది" అనేది వదిన.

రెండేళ్ళ కిందటి దాకా ఇదంతా తమాషాగానే నడిచింది. ఆ అక్టోబర్‌లో వదిన మొట్టమొదట చెప్పిన పేరు కోల్టర్ ప్రూయెట్. మా ఊరి కాలేజీలోనే చదువుతున్న మా ఊరి పిల్లాడు. పాల డెయిరీ వాళ్ళబ్బాయి. జనవరిలో, సొంత కోర్టులో, బంతి కోసం ఎగిరి దిగేటప్పుడు అతని మోకాలు మెలి తిరిగిపోయింది. అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే హాలంతా అతన్ని చూడలేదు, మా వదినను చూసింది.

ఆ తర్వాత హార్లన్ కూడా వేళాకోళం మానేశాడు. అది ఇంకా ఘోరం. మరుసటి అక్టోబర్ విందులో వదిన గింజ చీల్చి, చలి సంగతి చెప్పి, ఇంకొక్క ముక్క మాట్లాడకుండా కూర్చుంది. ఆటలకు వస్తే నోటి మీదుగా మఫ్లర్ చుట్టుకునేది. ఎవరైనా బాగా ఆడితే పైకి ఒక్క మాట రానిచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండేది.

"నిజంగా నమ్ముతున్నావా వదినా, నీ నోటి వల్లే అయిందని?"

"తెలీదే ఫ్రాన్సీ. తెలీనప్పుడు నోరు మూసుకోవడమే మేలు."

నేను ఊరుకునే రకాన్ని కాదు. వదిన పేరు చెప్పని నాలుగో నంబర్లు ఏమయ్యారో కనుక్కుందామని బయల్దేరాను. కాఫీకి వచ్చిన ప్రతివాడినీ పట్టుకుని అడిగాను. ఎవరిని కదిపినా మోకాలో, భుజమో, నడుమో. కాలేజీ జట్టుకు కట్లు కట్టే ముసలాయన నవ్వాడు. "బుట్ట కింద నిలబడేవాడికి ఫిబ్రవరి వచ్చేసరికి ఎక్కడో ఒకచోట ఐసు పెట్టాల్సిందేనమ్మా. మీ వదిన చెప్పినా అంతే, చెప్పకపోయినా అంతే" అన్నాడు. నేను ఏదో కొండ తవ్వి నిధి తెచ్చినట్టు పరిగెత్తుకెళ్ళి వదినకు చెప్పాను.

ఆవిడ పిండి కలుపుతూ విన్నది. "అయితే ఆ పిల్లాడి మోకాలు ఊరికే, ఏ కారణం లేకుండా పోయిందంటావు. అది ఇంకా అన్యాయం కదే" అంది.

ఇంకో ఏడు గడిచి విందు దగ్గర పడ్డాక, పొద్దుటి గిరాకీ తగ్గిన వేళ కోల్టర్ హోటల్‌కి వచ్చాడు. కుంటడం లేదు. నేరుగా వంటింటి కిటికీ దగ్గరికి వెళ్ళాడు.

"మామ్మా, శనివారం నా పేరు చెప్పాలి."

వదిన చేతిలోని గరిటె గ్రేవీలోనే ఆగిపోయింది. "మతిగానీ పోయిందా నీకు?"

"ఇదే నాకు ఆఖరేడు. డాక్టర్ ఆడమన్నాడు, కోచ్ ఆటలోకి దింపుతానన్నాడు. కానీ ఎవరూ నా పేరెత్తట్లేదు మామ్మా. పత్రికల్లో లేదు, రేడియోలో లేదు. ఊళ్ళో ఎదురైనవాళ్ళు మోకాలు ఎలా ఉందంటారు. నువ్వెలా ఉన్నావని ఒక్కరూ అడగరు. నన్ను ముందు గుర్తుపట్టింది నువ్వే."

"అందుకేగా పడ్డావు!"

"నేను పడింది బుట్ట కింద. నీ నోట్లోంచి కాదు."

నేను గల్లాపెట్టె దగ్గర్నుంచి "అదీ మాట!" అనేశాను. వదిన నా వైపు ఉరిమి చూసింది.

"మళ్ళీ ఏమన్నా అయితే?"

"అయితే అవనీ మామ్మా. అయ్యో పాపం అనిపించుకుంటూ బతకడంకంటే అదే నయం."

వదిన ప్లేట్లో బిస్కెట్లని మేం పిలిచే మెత్తటి వేడి రొట్టెలు పెట్టి, వాటి మీద గ్రేవీ ధారగా పోసి, "తిను ముందు. బుట్ట కింద నిలబడాల్సినవాడివి, ఆ ఒళ్ళేంటి అలా ఎండిపోయింది" అంది.

శనివారం గింజలో చెంచా కనిపించింది. హార్లన్ ముఖం వెలిగిపోయింది. సోమవారమే మంచు పారలు తెప్పించాడు. ఆ ఏడు అవి ఏప్రిల్ దాకా కొట్లో అలాగే నిలబడ్డాయన్నది వేరే సంగతి. గింజ పక్కన పెట్టాక వదిన కూర్చుంటుందని అందరూ చెంచాలు అందుకున్నారు. ఆవిడ కూర్చోలేదు.

"నది అవతలి కాలేజీలో బ్రాక్ హెన్లీన్‌ని చూడండి. ఎగరడం కంటే ముందు నిలబడటం వచ్చినవాడు. రాజధాని కాలేజీలో ఓ కొత్త కుర్రాడున్నాడు, టెరెల్ మేఫీల్డ్. తప్పిన బంతిని అందుకుని, కిందికి దించకుండా అక్కడికక్కడే తిరిగి వేస్తాడు. గట్టివాడు." ఆగింది. మంచినీళ్ళు తాగింది. "మన కోల్టర్ ప్రూయెట్. మిగతావాళ్ళందరి కంటే వీణ్ణి చూడండి."

"వెల్డా, ఆ మాట వెనక్కి తీసుకో" అన్నాడు హార్లన్, ఈసారి బతిమాలుతున్నట్టు కాదు.

"నీ కొట్లో పారనా వెనక్కి తీసుకోవడానికి?"

కోల్టర్ వాళ్ళమ్మ లేచి బయటికి వెళ్ళిపోయింది. కోల్టర్ మాత్రం పుడ్డింగ్ గిన్నె అడుగుదాకా గీకి తిన్నాడు. ఆ రాత్రి వదిన ముద్ద ముట్టలేదు.

మొదటి ఆటనాడు కోల్టర్ వాళ్ళమ్మ మాకు ముందు వరసలో కూర్చుంది, వెనక్కి తిరగలేదు. మా వెనకాలే హార్లన్. వదిన మెడలో మఫ్లర్ ఉంది, చేతులు దాని కొసలు నలుపుతున్నాయి. రెండో సగంలో కోల్టర్‌ను దింపారు. జనం చప్పట్లు కొట్టారుగానీ ఎవరూ పేరు పెట్టి అరవలేదు. పేరు పలికితే ఏమవుతుందోనని భయం. నేను కూడా అరవలేదు, ఒప్పుకోవాలి. ముసలాయన మాట అంత తెలివిగా మోసుకొచ్చిన నేను కూడా!

కోల్టర్ అవతలివాడికి అడ్డం నిలబడ్డాడు. ఆ భారీ మనిషి వేగంగా వచ్చి గుద్దుకున్నాడు. ఇద్దరూ పడ్డారు. అవతలివాడు లేచాడు. కోల్టర్ లేవలేదు. కాలి మీదికి వంగి అలాగే ఉండిపోయాడు.

ఈల మోగింది. వాళ్ళమ్మ మెల్లగా వెనక్కి తిరిగి మా వదినను చూసింది. ఆ చూపు నేను చచ్చేదాకా మర్చిపోలేను. వదిన చెయ్యి మఫ్లర్ మీదికి వెళ్ళింది. నోరు కప్పుకుంటుందనుకున్నాను. లాగి కింద పారేసి, లేచి నిలబడింది.

"కోల్టర్! కోల్టర్ ప్రూయెట్! లేవరా!"

కోల్టర్ తలెత్తాడు. ఒక చెయ్యి పైకెత్తాడు. అందులో బూటు ఉంది. గుద్దుకున్న ఊపుకి ఊడి వచ్చిందట, వేసుకుంటున్నాడు.

ముందు నవ్వింది వాళ్ళమ్మ. తర్వాత ఊరంతా నవ్వింది, ఆ నవ్వులోంచే ఎవరో అతని పేరు అరిచారు, తర్వాత అందరూ అరిచారు. కోల్టర్ లేస్ బిగించి మళ్ళీ బుట్ట కిందికి వెళ్ళాడు. ఆ రోజు ఒక్క బంతి కూడా బుట్టలో వెయ్యలేదు. తోసి, తోయించుకుని, ఫౌళ్ళు నిండి ఆటలోంచి పంపేశాక, బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగుతూ మా వైపు చూసి నవ్వాడు. రెండు మోకాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి.

వదిన కూర్చుని ఏడ్చింది. వాళ్ళన్న పోయిన రోజున కూడా ఆవిడ అలా ఏడవగా నేను చూడలేదు. వాళ్ళమ్మ మాట్లాడకుండా కింద పడ్డ మఫ్లర్ తీసి దులిపి ఇచ్చింది. వదిన దానితోనే ముక్కు తుడుచుకుని, చాలాకాలం తర్వాత, గట్టిగా, నలుగురికీ వినపడేలా అంది.

"ఏమే ఫ్రాన్సీ, ఆ అవతలి జట్టు నాలుగో నంబర్ పేరేంటే? బాగా ఆడుతున్నాడే."

వెనక నుంచి హార్లన్ ఆశగా ముందుకు వంగాడు. "అమ్మా తల్లీ, డాలన్ రూప్. ఆ పేరు కాస్త గట్టిగా చెప్పు!"

వదిన వెనక్కి తిరిగింది. "వాడికీ ఓ అమ్మ ఉంటుంది హార్లన్. బాగా ఆడుతున్నాడు, చప్పట్లు కొట్టు."