పాటిమన్ను

దేవదాసు అబద్ధాలకోరు కాదు. గద్వాలలో ఆ రోజు జములమ్మతో అన్న మాటను కూడా అతను చాలాకాలం అబద్ధమనుకోలేదు, అదీ తంటా.

రోడ్డు వెడల్పు కోసం పాత ఇళ్లు కూలుస్తుంటే ఆ మన్ను ట్రాక్టరుకెత్తి తోలే పని అతనిది. తరతరాలుగా మనుషులూ గొడ్లూ బతికిన చోటి మన్నుని పాటిమన్ను అంటారు. రైతులు ఎరువుగా చేలకు తోలుకుంటారు. కొత్త పార్కులో మొక్కలు చూసుకునే జములమ్మకు దేవదాసు ఆ పేరే చెప్పి గుంటలు నింపాడు.

"పాటిమన్ను అక్కా. కట్టె పాతినా చిగురు పెడ్తది."

ఇళ్లు పాతవే. కానీ ఆ మట్టిగోడలకు తర్వాత సిమెంటు పూశారు, లోపల గచ్చు పోశారు. అది అతనికి కనబడలేదా అంటే కనబడింది. ఆ పెళ్లలు ఏరడానికి బద్ధకమేసింది, అంతే.

వేసవికి గుంటలు బిగుసుకుపోయాయి. నీళ్లు వేళ్లదాకా దిగక మొక్కలన్నీ మాడాయి. జములమ్మ నీళ్లు పోయడం లేదని పార్కు ఆఫీసరు ఆమెను పనిలోంచి తీసేశాడు. దేవదాసు గేటు దగ్గరే ఉన్నాడు. ట్రాక్టరెక్కి వెళ్లిపోయాడు.

చేసింది తనే, శిక్ష ఆమెకు. తీరిక దొరికినప్పుడల్లా పార్కుకు పోయి గుంటలు తవ్వాడు. సిమెంటు పెళ్లలు ఏరేసి, మన్ను జల్లెడ పట్టి, చెరువు ఒండ్రూ గొర్రెల ఎరువూ కలిపాడు. వానకు జనుము చల్లి, పూతకు రాగానే ఎరువయ్యేలా అక్కడే మన్నులో తవ్వి కలిపేశాడు. వీడికేం పట్టిందని జనం నవ్వారు. మరుసటి వానాకాలం పార వేస్తే ఎర్రలు కదిలాయి. ఆఫీసరు మెచ్చి భుజం తట్టాడు. దేవదాసుకు అక్కడ మంటెత్తింది.

జములమ్మను మళ్లీ పెట్టుకోమని అడిగాడు. నీళ్లు పోయని మనిషెందుకన్నాడు ఆఫీసరు. నిజం గొంతుదాకా వచ్చింది. ట్రాక్టరు పని పోతుందన్న భయం దాన్ని వెనక్కి నెట్టింది.

"ఇప్పుడు పోస్తది సార్" అన్నాడు.

ఆఫీసరు సరేనన్నాక జములమ్మ మళ్లీ పనికి వచ్చింది. పిడికెడు మన్ను తీసి వాసన చూసి, కళ్లు తుడుచుకుంది.

"మన్ను మంచిగైంది తమ్మీ. నేను అప్పుడు గూడ దినాం నీళ్లు పోసిన్నని సార్‌కు చెప్పినవా?"

దేవదాసు పార అందుకున్నాడు. అక్కడ తవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు.