ఒక పద్యం, ఒక డ్యూయెట్టు

నా చిన్నప్పుడు మా ఇంట్లో గొడవలన్నీ ఒక టేపురికార్డరు చుట్టూనే తిరిగేవి. అమలాపురం దగ్గర పల్లెటూరు మాది, తరతరాలుగా వేదం చదువుకున్న ఇల్లు. మా బాబాయి ఉద్యోగంలో చేరిన కొత్తలో కొని తెచ్చిన ఆ రికార్డరు మీద పెత్తనమంతా మా తాతయ్యది. పొద్దున్నా సాయంత్రం వీధరుగు మీద పెట్టుకుని నాటకాల పద్యాలు వినేవారు. హార్మోనియం మోత, ఆ పైన గుక్క తిప్పుకోకుండా సాగే రాగం. నాకేమో సినిమా డ్యూయెట్లంటే ప్రాణం. బళ్ళో అందరూ కొత్త పాటలు పాడుతుంటే నాకు ఒక్కటీ రాదాయె!

ఒకరోజు ఉక్రోషం పట్టలేక, "తాతయ్యా, ఆ ఏడుపు ఆపు!" అని అరిచేశాను. మా మామ్మ వంటింట్లోంచి గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది. తాతయ్య మాత్రం రికార్డరు కట్టేసి లోపలికి వెళ్ళి పడుకున్నారు. ఆ తరవాత అది మోగనే లేదు. నాకు కావలసింది అదే అయినా, ఎందుకో అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకి ఆయన బస్సెక్కి అమలాపురం వెళ్ళారు. ఖాళీ క్యాసెట్టు ఇచ్చి కావలసిన పాటలు చెబితే ఎక్కించి ఇచ్చే దుకాణాలు అప్పట్లో ఉండేవి. ఇంటికి వస్తూనే, "నీ పాటలేనమ్మా, పెట్టుకో" అంటూ క్యాసెట్టు నా చేతిలో పెట్టారు. మొదటిది నేను కలవరించే డ్యూయెట్టే! గంతులేశాను. అది అయిందో లేదో హార్మోనియం మోగింది. పద్యం! దాని తరవాత ఇంకో డ్యూయెట్టు, మళ్ళీ పద్యం. రెండు వైపులా అదే వరస. "ఎంత మోసం తాతయ్యా!" అంటే కండువాతో మూతి కప్పుకుని నవ్వారు. ఫార్వర్డు మీట నొక్కితే టేపు నమిలేసే జబ్బు మా రికార్డరుకి ఉంది మరి.

పద్యం రాగానే దొడ్లోకి పారిపోయేదాన్ని. కానీ తరవాతి డ్యూయెట్టు తప్పిపోకూడదంటే పద్యం ఎక్కడ ముగుస్తుందో చెవి ఒగ్గి వినాలి కదా! వినీ వినీ, గొంతు ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో వచ్చేసింది. కనకాంబరాలు కోస్తూ నాకు తెలియకుండానే పద్యం పాడేస్తున్నాను ఒకనాడు. అదే వేళకి నూతి దగ్గర నీళ్ళు పోసుకుంటూ తాతయ్య డ్యూయెట్టు అందుకున్నారు. ఆడగొంతు కూడా ఆయనే! మామ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఏవండోయ్, ఈ వయసులో ఇవేం పాటలండీ! వీధిలో వాళ్ళు వింటే నవ్విపోరూ!"

ఆ సాయంత్రం అడిగాను, ఆ రోజు నన్నెందుకు తిట్టలేదని.

"నాటకం చూసొచ్చేనని మా నాన్నగారు నన్ను గుమ్మం బయట నిలబెట్టేరమ్మా. వేదం చదివే ఇంట్లో హార్మోనియం కూతలేవిట్రా అన్నారు. ఆయన పోయేదాకా ఆయన ముందు ఒక్క పద్యం పాడలేదు నేను. నా ముందు పాడాలంటే నువ్వలా భయపడితే ఓర్చుకోలేనే తల్లీ."

ఆ పద్యాలు పుట్టుకతోనే ముసలివనుకున్నాను నేను. అవీ ఒకప్పుడు తిట్లు తిన్న పాటలే! తాతయ్య మీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పలేను.

కాలేజీ రోజుల్లో స్నేహితురాళ్ళ ముందు పద్యాల మాటెత్తడానికే సిగ్గుపడ్డాను. పెళ్ళయ్యాక చాన్నాళ్ళు ఏ పాటకీ తీరిక లేదు. ఇప్పుడు వెతుక్కుని మరీ పద్యాలు వింటున్నాను. తాతయ్య లేరు, ఆ క్యాసెట్టూ లేదు. అయినా ఆ డ్యూయెట్టు ఎక్కడ విన్నా, అది ముగియగానే నా చెవి హార్మోనియం కోసం ఎదురుచూస్తుంది. అది రాదు. అందుకని పద్యం నేనే అందుకుంటాను.

మొన్న వంటింట్లో అలాగే పాడుతుంటే మా అమ్మాయి చెవుల్లో తీగలు పీక్కుని, "అమ్మా, ఆ ఏడుపు ఆపు!" అంది. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను.

"సరేలే, నీ పాటొకటి పెట్టు. అదయ్యాక నాదొకటి" అన్నాను.

నా వంక అనుమానంగా చూసి, పెట్టింది. అబ్బబ్బ, ఒకటే గోల! కానీ మర్నాడు నీళ్ళు పోసుకుంటూ ఆ పాటే పాడుతున్నాను నేను.