జ్వరం తగ్గిన రోజు

జ్వరం దిగిందంటే వార్డంతా ఊపిరి పీల్చుకుంటుంది. అందరూ పెద్దక్క అని పిలిచే ఆ ముసలి నర్సుకు మాత్రం గుబులు అప్పుడే మొదలవుతుంది. చేతులు తుడుచుకుంటూ వచ్చి, సెలైన్ సీసా కేసీ రోగి కళ్ళ కేసీ మార్చి మార్చి చూస్తుంది. మెదడు పొరల వాపుతో కొన్నాళ్ళ కిందట చేరిన డ్రైవరుకు ఆ రోజు జ్వరం తగ్గింది, అతని భార్య సంచి సర్దేస్తోంది.

"పొద్దున ఈయన నన్ను కసురుకున్నారు కూడా, అంటే బాగైనట్టేగా. మాత్రలిస్తే ఇంటికి పోతామక్కా."

"వాపున్నప్పుడు మెదడు చుట్టూ ఉన్న గోడ సడలి మందును లోపలికి రానిస్తుందమ్మా. వాపు తీసేకొద్దీ గోడ మళ్ళీ బిగుసుకుంటుంది. క్రిములు లోపల మిగిలిపోతాయి, మందు బయటే ఆగిపోతుంది. ఇప్పుడే మాత్రలకు మారి మోతాదు తగ్గించకూడదు."

"పెద్దక్కకు నన్ను వదలబుద్ధి కావట్లేదు," అని నవ్వాడు డ్రైవరు.

ఆవిడ అతని మెడ కింద చెయ్యి పెట్టి తల మెల్లగా పైకెత్తింది. గడ్డం గుండెకు ఆనలేదు. తలతో పాటు భుజాలూ కొయ్యలా లేచాయి. "మెడ ఇంకా వంగట్లేదు, జబ్బు లోపలే ఉందమ్మా," అంది. నవ్వు ఇంకా అతని మొహం మీదే ఉంది. భార్య సంచిలోంచి దుప్పటి బయటికి తీసింది.