సార్జెంట్‌కు చూపించని పాదం

ఆ రోజు పొద్దున బూటులో కాలు పెట్టగానే ఎడమ చిటికెన వేలి దగ్గర భగ్గుమంది. విప్పి చూస్తే బొబ్బ చితికి ఉంది. కందహార్ దగ్గరి మా క్యాంపుకు వచ్చి అప్పటికి రెండు నెలలు. నేను హామిల్టన్‌లో పెరిగినవాణ్ణి, కెనడా సైన్యంలో మామూలు సిపాయిని. తిండిలో ఇసుక, ఒళ్ళంతా చెమటకాయలు, వారానికో స్నానం. ఎప్పుడు రాకెట్ పడుతుందో తెలియక బూట్లతోనే నిద్ర. అంత నరకంలో బొబ్బ ఒక లెక్కా అనుకున్నాను.

రోజూ సాయంత్రం మా సార్జెంట్ మోకాళ్ళ మీద కూర్చుని, ఒక్కొక్కరి పాదం చేతిలోకి తీసుకుని, వేళ్ళ సందులు కూడా చూసేవారు. అది ఆయన డ్యూటీ. కానీ ఆయనది మా నాన్న వయసు. తల నెరిసిన మనిషి చేత కాళ్ళు పట్టించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని చిన్నప్పటి నుంచి విన్నాను. అందుకే మొదటి నుంచీ ఆయన నా దగ్గరికి రాగానే, మా దళంలో వైద్యం చూసే సిపాయి మీద పెట్టి, "మెడిక్ చూశాడు సార్జెంట్, బాగానే ఉంది" అనేవాణ్ణి. బొబ్బ చితికాక కూడా తొమ్మిది రోజులు అదే అబద్ధం. పాపం, ఆయన నమ్మారు.

పదో రోజు మడమ దాకా వాచింది. ఎర్రటి గీత పిక్క మీదికి పాకింది. ఎండలో కూడా వణుకు. మధ్యాహ్నం రాకెట్ పడింది. అందరూ బంకర్‌లోకి పరుగెత్తారు. నేను లేచి అడుగు వేశాను, కాలు నిలబడలేదు, బోర్లా పడ్డాను. రెండో రాకెట్ వంటశాలను పేల్చేసింది. కాలిన ఇనుప ముక్కలు నా చుట్టూ పడుతున్నాయి. నోటి నిండా దుమ్ము, నెత్తురు. సార్జెంట్ బంకర్‌లోంచి వెనక్కి వచ్చి నా చొక్కా పట్టుకుని ఈడ్చారు. మూడోది మా పక్కనే పేలింది. ఆయన కుడి చెయ్యి మోచేతి కింద లేదు. బూతులు తిడుతూ, ఎడమ చేత్తోనే నన్ను లోపలికి లాగేశారు.

నెత్తురు ఆపే పట్టీ, టూర్నికే, నేనే బిగించాను. ఆయన నెత్తురు నా ముఖం మీద చిమ్మింది. ఆయన అరుపులు ఇప్పటికీ వినిపిస్తాయి. తర్వాత మెడిక్ నా బూటు కోసి తీశాడు. వాసనకు ముఖం తిప్పుకుని, "మెడిక్‌కి చూపించానన్నావట. ఎవడికి?" అని అరిచాడు.

బేస్ హాస్పిటల్‌లో సర్జన్ దాచకుండా చెప్పింది. "చర్మం కింద ఇన్ఫెక్షన్, సెల్యులైటిస్, ముదిరింది. అది నెత్తురులోకి ఎక్కి సెప్సిస్ మొదలైంది. కాలు దక్కుతుందని మాటివ్వలేను." నరంలోకి ఐవీ యాంటీబయాటిక్స్, గాయం శుభ్రం చేసే డిబ్రైడ్‌మెంట్. చచ్చిన కండ కోసేసిన ప్రతిసారీ దిండు కొరికేవాణ్ణి. నల్లబడిన రెండు వేళ్ళు తీసేశారు. హామిల్టన్ వచ్చాక తొడ చర్మం తీసి వేసిన స్కిన్ గ్రాఫ్ట్ కూడా చెడిపోయింది. "మళ్ళీ ఓపెన్ చేయాలి" అని డాక్టర్ అనగానే డ్రెస్సింగ్ ట్రే ఎత్తి గోడకేసి కొట్టాను. నర్సు కొత్త ట్రే తెచ్చింది.

ఎందుకు దాచానో అమ్మకు చెప్పాను. ఆమె నా భుజం మీద ధబీమని ఒక్కటిచ్చింది. "పెద్దవాళ్ళను గౌరవించమన్నాను గానీ, కాలు కుళ్ళబెట్టుకోమన్నానట్రా? ఆ మహానుభావుడి చెయ్యి ఎవరు తెచ్చిస్తారు?" అని వలవలా ఏడ్చింది.

నాలుగు నెలల తర్వాత కర్రతో సార్జెంట్ ఇంటికి వెళ్ళి నిజం చెప్పాను. ఎడమ చేతిలోని కాఫీ కప్పు నా మీదికి విసిరారు. గురి తప్పి తలుపుకు తగిలి పగిలింది. "రోజూ అడిగాను కదరా! ఒక్క నిమిషం పని!" అని గొంతు చించుకున్నారు. నేను వంగి పెంకులు ఏరసాగాను. ఆయన వచ్చి నా ఎదురుగా కూర్చుని, "బూటు విప్పు" అన్నారు. విప్పాను. ఆయన వంగి, మిగిలిన మూడు వేళ్ళ సందులూ ఎడమ చేత్తో విడదీసి చూశారు. నేను చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది. కొంచెం కుంటుతాను, చలికాలంలో నరం లాగుతుంది. ఇది చదివేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. మీ ఒళ్ళు చూడటం ఎవరి పనో, వాళ్ళు అడిగిన రోజే చూపించండి, ఎంత పెద్దవాళ్ళయినా సరే. నా మొహమాటానికి ఆయన చెయ్యి దక్కి, నా రెండు వేళ్ళే పోయి ఉంటే, ఇది రాసేవాణ్ణి కాదు.