చాటెడు తవుడుకు కుప్పమ్మ

ఆ రోజుల్లో బిడ్డ పుట్టడం ఒక ఎత్తు, ఆ బిడ్డను మనదని చెప్పుకోవడం ఇంకో ఎత్తు. కర్నూలు కొత్తగా రాజధాని అయిన కాలం. ఓర్వకల్లు దగ్గర ఒక పల్లెలో నేను ఎలిమెంటరీ స్కూలు అయ్యవారిని. ఇరవై అయిదేళ్లు, చేతిలో బెత్తం, నోట్లో ఎప్పుడూ సైన్సు (అది ఎంతమాత్రమో ఇప్పుడు అడక్కండి). అప్పటికే మాకు ఇద్దరు బిడ్డలు పుట్టి నెల తిరక్కుండానే పోయారు. మూడోది ఆడపిల్ల. "ఈ బిడ్డ మనది కాదు" అని మా అమ్మ తేల్చేసింది. పదకొండో రోజున పాపను పెంటకుప్ప మీద దొర్లించి, కుప్పమ్మ అని పేరు పెట్టి, ఎదురింటి బూబక్కకు చాటెడు తవుడుకు అమ్మేశారు. పరాయి బిడ్డ అయిపోతే చావు దాని జోలికి రాదట.

బూబక్క దూదేకే ఆయన భార్య. నలభై దాటినా కడుపు పండలేదు. పాప పాలు తాగేది, పడుకునేది మా ఇంట్లోనే. కానీ తెల్లారగానే బూబక్క వచ్చేసేది. "నా బిడ్డ యాడుండాది?" అంటూ ఎత్తుకుపోయి, నలుగు పెట్టి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, బుగ్గన చుక్క పెట్టేది. పాలకు ఏడిస్తే మా ఆవిడ వాకిట్లో నిలబడి "బూబక్కా, మీ పాపను రవ్వంత ఇస్తావా?" అని అడగాలి. "తీసుకుపో తల్లీ, జాగర్త" అని ఆమె దర్జాగా అందించేది. ఎవరన్నా "పాప ఎవురప్పా?" అంటే నేను "బూబక్క బిడ్డ" అనాలి. (ముక్కు మాత్రం అచ్చంగా నాదే. ఊరంతా చూస్తూనే ఉంది, పాపం ఒక్కరూ పైకి అనలేదు.)

ఒకనాడు బడి నుంచి వచ్చి నేను మొండికేశాను. "నా కూతుర్ని నేను అడుక్కోవాల్నా? ఇదేం పిచ్చి!"

మా ఆవిడ నా నోరు మూసింది. "మీకంతా ఎగతాళిగా ఉండాది. ముందు ఇద్దర్నీ నా బిడ్డలు, నా బిడ్డలు అని మురిసిపోతిమి. ఉండారా ఇప్పుడు?" అని వలవలా ఏడ్చింది. సైన్సును గూట్లో పెట్టి, పోయి అడిగి తెచ్చుకున్నాను. ఆ తర్వాత రోజూ అడిగాను.

పాపకు ఏడాది నిండింది, అడుగులు వేసింది. మూడేళ్లు అట్లాగే గడపాలని మా అమ్మ మాట. అవి నిండకముందే నాకు మైదుకూరుకు బదిలీ వచ్చింది; గండం దాటిందిలే అని అమ్మే ఒప్పుకుంది. బయలుదేరే ముందురోజు చాటలో తవుడు పోసుకుని అందరం వీధిలోకి వెళ్లాం. పాప బూబక్క కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

"బూబక్కా, ఇదిగో నీ తవుడు. ఇంక మా పాప మాకు!" అన్నాను హుషారుగా.

ఆమె చాట వైపు చూసింది. "నాకు ఎద్దుండాదా, బర్రె ఉండాదా అయ్యోరా? ఈ తవుడు నేనేం చేసుకోవాల?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. పాప వేళ్లు ఒక్కొక్కటే కొంగు నుంచి విడిపించి మా ఆవిడ చేతుల్లో పెట్టింది. "నీ బిడ్డేలేమ్మా. నేను కాదంటినా?" అని లోపలికి పోయి తలుపేసుకుంది. పాప గుక్కపట్టి ఏడ్చింది, తల్లీ ఏడ్చింది.

"మన బిడ్డ మనకొస్తే ఏడుస్తావేంది?" అన్నాను.

"మీకేం తెలుస్తాది?" అంది.

నిజమే, తెలియలేదు. మర్నాడు మేం బస్సెక్కేటప్పుడు బూబక్క బయటికి రాలేదు. కుప్పమ్మ ఇప్పుడు మనవరాళ్లను ఎత్తుకుంటోంది. వీధి నడుమ తవుడు చాట పట్టుకుని, బిడ్డ దక్కిందని ఇకిలిస్తున్న ఆ కుర్ర అయ్యవారిని తలుచుకుంటే నాకిప్పుడు నవ్వొస్తుంది, ఆ వెంటే సిగ్గేస్తుంది. నాలుగడుగులు వేసి తలుపు తట్టి, "అక్కా, ఈ ఒక్క రాత్రి పాపను నీ దగ్గర పండుకోబెట్టుకో" అనొచ్చు కదా! సామాన్లు కట్టుకోవాలి, తీరిక లేదనుకున్నాను. మా సామానంతా కలిపితే రెండు మూటలు.