కాగితం కదల్లేదు

1996లో, వానలు మొదలైన నెలలో, నన్ను పాతబస్తీలోని ఒక సర్కారు దవాఖానలో తాగుడు మాన్పించే వార్డుకు వేశారు. నా హోదా వార్డుబాయ్. నలభై ఏళ్లు దాటినా పిలుపు అదే. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. రోగి ఎలా తిన్నాడో, ఎలా నడిచాడో చూసి నేను నోటితో చెబితే నర్సు కేస్ షీట్‌లో రాసేది. డాక్టర్లు రౌండ్‌లో మంచానికి రెండు నిమిషాలు ఉంటారు. మిగతా దినమంతా చూసేది మేమే.

తాగుడు ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి. ఆ వణుకు తగ్గకముందే ఇంటికి పంపితే ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. అందుకే రౌండ్‌లో ఒక పరీక్ష ఉండేది. రోగి రెండు చేతులు చాపి వేళ్లు విడదీయాలి. వాటి మీద నేను తెల్లకాగితం పెట్టాలి. కంటికి ఆనని వణుకు కూడా కాగితం అంచులో తెలిసిపోతుంది.

ఆ వార్డుకు ఒక నటుడు వచ్చాడు. పేరు రాయను. ఒకప్పుడు ఆయన సినిమా టికెట్ కోసం తోపులాటలో నా చొక్కా చిరిగింది. ఇప్పుడు యాకుత్‌పురాలో చెల్లెలి ఇంట్లో ఉంటున్నాడు. ఆమే ఆటోలో తెచ్చి చేర్చింది. దవడలు లోపలికి పోయాయి, గొంతు మాత్రం అదే.

మూడో రోజు చెంచా ఎత్తబోయి ఉప్మా ఒళ్లో పోసుకున్నాడు. పక్క మంచం మీద బేగంబజార్ హమాలీ ఒకడుండేవాడు.

"ఏంది హీరో సాబ్, గంతమంది గూండాలను లేపి కొట్టినవ్, గీ చెంచా లేస్తలేదా?" అన్నాడు.

"వాళ్లు డబ్బులు తీసుకుని పడేవాళ్లు భాయ్. ఈ చెంచా తీసుకోలేదు" అన్నాడు ఆయన. వార్డంతా నవ్వింది.

నాలుగో రోజు పొద్దున నేనే తినిపించాను. అప్పుడొక మాట అడిగాడు. మర్నాడు షూటింగ్ ఉందట. హీరోయిన్ తండ్రి వేషం, ఆరేళ్ల తర్వాత వచ్చిన పిలుపు. పోకపోతే ఇక ఎవరూ పిలవరట. డాక్టర్ అడిగితే తన చేత్తోనే తిన్నాడని చెప్పమన్నాడు. కాగితం సంగతి తాను చూసుకుంటానన్నాడు. మోచేతులు డొక్కలకు బిగించి, ఊపిరి ఆపి, ముఖంలో ఏమీ తెలియనీయకుండా ఉండటం క్లోజప్‌లలో అలవాటేనట.

రౌండ్ వచ్చింది. కాగితం పెట్టాను. కదల్లేదు. హమాలీ చప్పట్లు కొట్టాడు. నేను దగ్గరున్నాను కాబట్టి ఆయన మెడ వెనక కారుతున్న చెమట చూశాను. పెద్ద డాక్టర్ నా వైపు తిరిగి, పొద్దున ఎట్లా తిన్నాడని అడిగాడు.

"తన చేత్తోనే తిన్నడు సార్" అన్నాను.

నర్సు అదే రాసింది. మధ్యాహ్నం డిశ్చార్జ్ చేశారు. పోతూ నన్ను కావలించుకున్నాడు. ఆ చేతుల వణుకు నా వీపుకు తెలిసింది. అప్పుడైనా చెప్పవచ్చు. చెప్పలేదు.

నాలుగు రోజులకు ఆయన చెల్లెలు ఒక్కతే వచ్చింది. మేకప్ వేస్తుండగా ఫిట్స్ వచ్చి కుర్చీలోంచి పడ్డాడట. తలకు దెబ్బ తగిలి, దవాఖానకు చేరేలోపే పోయాడు. అలాంటి మనిషిని ఎందుకు పంపారని ఆమె అడిగింది. డాక్టర్ కేస్ షీట్ తీసి, నేను చెప్పిన మాట చదివి వినిపించాడు. ఆమె నా వైపు తిరిగింది.

"మా అన్నయ్య ఆ రోజు తన చేత్తో తిన్నాడా అండీ?"

"లేదమ్మా. నేను తినిపించిన. మీ అన్నయ్య చెప్పమన్నడని డాక్టర్ సార్‌కు అబద్ధం చెప్పిన."

ఆమె తిట్టలేదు. "అన్నయ్య అడిగితే నేనూ అదే చేసేదాన్ని. అందుకే కదా మీ దగ్గర చేర్చింది" అంది.

నాకు మెమో వచ్చింది. వేలిముద్ర వేసి తప్పు ఒప్పుకున్నాను. తర్వాత వయోజనుల బడిలో అక్షరాలు నేర్చుకుని, రిటైరయ్యేదాకా ఆ వార్డులోనే పనిచేశాను. కొత్తగా చేరినవాళ్లకు ఒకటే చెప్పేవాణ్ని. రోగి నీళ్లు అడిగితే ఇవ్వండి, దుప్పటి అడిగితే ఇవ్వండి. చూసినదాన్ని మార్చి చెప్పమంటే మాత్రం కాదనండి. ఆ మనిషంటే మీకు ఎంత ఇష్టమో అంత గట్టిగా కాదనండి.